నీటికాసుల్లో నడిమి చూపు: తరచుగా అడిగే ప్రశ్నలు

నీటికాసులు, అంటే గ్లాకోమా, పక్క చూపును తినే జబ్బనీ, నడిమి చూపు ఆఖరి దాకా భద్రమనీ చాలామంది నమ్ముతారు. అందులో నిజం సగమే. కొందరికి నడిమి చూపు అంచున మొదట్లోనే చిల్లు పడుతుంది, అంటే ఆ చోట చూపు పోతుంది. మామూలుగా చేసే పరీక్షలు దాన్ని దాటేసే వీలుంది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఈ జబ్బుతో ఉన్నవాళ్లూ, వాళ్లను దవాఖానకు తీసుకెళ్లే ఇంటివాళ్లూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

చార్టులో ఆఖరి వరుస దాకా చదువుతున్న. డాక్టరేమో నడిమి చూపు దెబ్బతిన్నదంటున్నడు. అదెట్ల?

చార్టులో 6/6 (మామూలు మంచి చూపు) చదవడానికి చూపు నట్టనడుమ ఒక డిగ్రీ చోటు (చేయి చాచిన దూరంలో సుమారు ఒక సెంటీమీటరు) బాగుంటే చాలు. దాని పక్కన రెండు, మూడు డిగ్రీల దూరంలో చిల్లు పడ్డా అక్షరం దొరుకుతుంది. కన్ను కొద్దిగా అటూ ఇటూ కదిపి వెతుక్కుంటుంది కాబట్టి చదివేస్తారు. చుట్టూ అంతా పోయి, గొట్టంలోంచి చూసినట్టు అయిదారు డిగ్రీలే మిగిలిన మనిషి కూడా 6/6 చదవగలడు. అందుకే "చార్టు బాగా చదివాను, నాకేం కాలేదు" అన్నమాట నీటికాసుల విషయంలో చెల్లదు.

అసలు కంటి తెరలో చెడేది ఏది?

కంటి తెరలో, అంటే రెటీనాలో, పనులు పంచుకున్న పొరలుంటాయి. వెలుగును పట్టేవి రాడ్లు, కోన్లు. అవి పట్టినదాన్ని నడిమి పొర కణాలు అందుకుని లోపలి పొరలోని గ్యాంగ్లియన్ కణాలకు ఇస్తాయి. ఒక్కో గ్యాంగ్లియన్ కణం నుంచి ఒక సన్నని పోగు బయలుదేరుతుంది. అట్లాంటి పోగులు దాదాపు 10 నుంచి 12 లక్షలు కలిసి కంటి నరమై మెదడుకు పోతాయి.

నీటికాసుల్లో చచ్చేవి ఈ గ్యాంగ్లియన్ కణాలూ వాటి పోగులే. నరం కంటి గోడను దాటే చోట జల్లెడ లాంటి పొర ఉంటుంది. లోపలి ఒత్తిడికి అది వంగుతుంది, పోగులు అక్కడ నలుగుతాయి. వెలుగును పట్టే కణాలు మాత్రం చాలావరకు బాగానే ఉంటాయి. సాగర్‌లో నీళ్లు నిండుగా ఉండి కూడా కాలువ తెగితే చివరి ఆయకట్టు ఎండినట్టే ఇది. ఈ తేడా గుర్తుంటే, కింద చెప్పే పరీక్షల్లో ఏది ఎందుకు చేస్తారో తేలిగ్గా అర్థమవుతుంది.

నడిమి చూపు మొదట్లోనే ఎందుకు పోతుంది?

కంటి తెర నడుమ ఉండే మాక్యులా చిన్న చోటే. కానీ కంటిలోని గ్యాంగ్లియన్ కణాల్లో దాదాపు మూడో వంతు అక్కడే గుమిగూడి ఉంటాయి. అందులోనూ మాక్యులా కింది భాగం నుంచి వచ్చే కొన్ని పోగులు కంటి నరంలోకి కింది వైపు నుంచి దిగుతాయి. నీటికాసులు ముందుగా దెబ్బతీసే చోటు సరిగ్గా అదే. కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, తెర కింది భాగం చెడితే చూపులో లోపం పై భాగాన కనిపిస్తుంది. చూస్తున్న చుక్కకు కాస్త పైన, పక్కన చిన్న మసక మచ్చలాగా మొదలవుతుంది.

కంటి ప్రెషర్ నార్మల్ హద్దుల్లో ఉంటూనే వచ్చే నీటికాసుల్లో ఈ నడిమి చిల్లు ఎక్కువగా చూస్తాం. కంటి నరం అంచున చిన్న రక్తపు గీత కనబడిందని డాక్టరు రాస్తే, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి.

ఇంట్లో ఏం చూసి అనుమానపడాలి?

నల్లటి మచ్చ కనబడుతుందని ఎదురుచూడకండి. చాలామందికి అట్లా కనబడదు. పోయిన చోటును మెదడు చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. "మసగ్గుంది", "వెలుతురు సరిపోవట్లేదు", "ఏదో తప్పిపోతోంది" అన్నట్టే ఉంటుంది.

బియ్యం ఏరేటప్పుడు చూడండి. స్టీలు పళ్లెంలో తెల్ల బియ్యం పోసుకుని తెల్ల రాయిని వెతకడం కంటికి పెద్ద పరీక్ష. మట్టిగడ్డ, నల్లరాయి దొరుకుతున్నాయి, తెల్లరాయి మాత్రం పంటికింద పడుతోందంటే, తెలుపు మీద తెలుపును వేరుచేసే శక్తి తగ్గిందన్నమాట. ఇది వయసుతో వచ్చే శుక్లంలోనూ తగ్గుతుంది. కాబట్టి ఇది రోగ నిర్ధారణ కాదు, దవాఖానకు పోవడానికి కారణం మాత్రమే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు సూది బెజ్జం కనబడి మాయమవడం, ఆర్టీసీ బస్సు బోర్డులో ఊరి పేరులో ఒక అక్షరం కనిపించకపోవడం, పేపరు చదువుతూ పక్క మాటను పట్టుకోలేక మళ్లీ వెనక్కి రావడం కూడా ఇట్లాంటివే. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి, చూపు చుక్కకు కుడిపక్క చిల్లు పడ్డవాళ్లకు చదువు ఎక్కువ నెమ్మదిస్తుంది. కింది వైపు పడ్డవాళ్లు మెట్ల మీద, పొలం గట్ల మీద తడబడతారు.

ఒక్కటి తప్పక చేయండి. నెలకోసారి ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసి, గోడ క్యాలెండరులో ఒకే అంకె మీద చూపు నిలిపి, చుట్టుపక్కల గళ్లన్నీ ఉన్నాయా అని చూసుకోండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒకదాని చిల్లును ఇంకోటి కప్పేస్తుంది. ఏళ్ల తరబడి తెలియకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఏ పరీక్ష అడగాలి?

చూపు ఎంత మేర ఉందో, ఎక్కడ పోయిందో యంత్రంతో చూసేది ఫీల్డ్ టెస్టు. అందులో మామూలుగా చేసే రకం 24-2. నడిమి చూపు కోసం చేసేది 10-2. రెండింటి తేడా ఇట్లా చూడండి. ఇంట్లో 20 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లెం తీసుకుని, చేయి చాచి కంటికి ఎదురుగా పట్టుకోండి. ఆ దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు ఒక సెంటీమీటరు. ఆ పళ్లెం అంతా, అంటే నడుమ నుంచి ప్రతి వైపుకూ 10 డిగ్రీలు, మీ నడిమి చూపు. 24-2 పరీక్ష నడుమ నుంచి సుమారు 24 డిగ్రీల దాకా 54 చోట్ల వెలుగు చుక్కలు వేస్తుంది గానీ, ఈ పళ్లెం మీద పడేవి 12 మాత్రమే. చుక్కకూ చుక్కకూ మధ్య 6 డిగ్రీలు, అంటే దాదాపు బెత్తెడు ఎడం. ఆ ఎడంలో చిల్లు ఉంటే యంత్రానికి దొరకదు. 10-2 పరీక్ష అదే పళ్లెం మీద 68 చుక్కలు వేస్తుంది, మధ్య ఎడం 2 డిగ్రీలే.

నీటికాసులని తేలిన ప్రతి ఒక్కరికీ కనీసం ఒక్కసారైనా 10-2 చేయించడం మంచిదని మా గట్టి అభిప్రాయం. 24-2లో నడుమన ఒక్క చుక్క మందగించినా, ఓసీటీలో (కంటి తెర పొరల మందం కొలిచే స్కాన్‌లో) మాక్యులా పలచబడినా, చదవడం కష్టమైందని మీరు చెబుతున్నా అది తప్పనిసరి. డాక్టరును "సార్, నడుమ చూపుకు 10-2 చేద్దామా?" అని అడగడంలో తప్పేమీ లేదు.

ఫీల్డ్ టెస్టులో చాలా చుక్కలు కనబడలేదు. భయమైతుంది.

భయపడకండి. ఆ యంత్రం చుక్కను మెల్లమెల్లగా మసక చేస్తూ, మీకు సగంసార్లు కనబడి సగంసార్లు కనబడని హద్దు ఎక్కడుందో వెతుకుతుంది. కాబట్టి బాగున్న కంటికి కూడా చాలా చుక్కలు కనబడవు. ఇది తెలియక, ఏదో ఒకటి నొక్కాలని ఊరికే బటన్ నొక్కేవాళ్లు ఎక్కువ. అట్లా నొక్కితే రిపోర్టులో తప్పుడు నొక్కుళ్ల శాతం పెరిగి, జబ్బు దాగిపోతుంది. ఆ శాతం 15 దాటితే ఆ కాగితాన్ని నమ్మడం కష్టం.

పరీక్ష చేయించుకునే పద్ధతి ఇదీ. కంటి పాపను పెద్దది చేసే చుక్కలు వేయకముందే ఫీల్డ్ టెస్టు అయిపోవాలి. మీ దగ్గరి చూపు అద్దాల నంబరు రాసిన చీటీ తీసుకెళ్లండి, యంత్రంలో మీ వయసుకు తగ్గ అద్దం పెట్టాలి. అద్దం కంటికి దూరంగా ఉంటే దాని అంచు నీడ పడి, చుట్టూ చూపు పోయినట్టు రిపోర్టు వస్తుంది. పైరెప్ప వాలి ఉంటే టేపుతో ఎత్తి అంటించమనండి, లేకపోతే పై భాగం పోయినట్టు చూపిస్తుంది. గడ్డం దన్నుగా ఆనించి, చూపు నడిమి దీపం మీదే నిలపండి. చుక్క కోసం వెతకొద్దు. రెప్పలు మామూలుగా కొట్టుకోండి. కళ్లు ఆరిపోతే చూపు మసకేస్తుంది. అలసటనిపిస్తే బటన్ నొక్కి పట్టుకోండి, చాలా యంత్రాల్లో పరీక్ష ఆగుతుంది. తెల్లవారుజామున బస్సెక్కి, ఏమీ తినకుండా నేరుగా యంత్రం ముందు కూర్చోకండి. మొదటి పరీక్ష చాలామందికి బాగా రాదు, రెండోది, మూడోది వచ్చాకే అసలు లెక్క మొదలవుతుంది.

పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరుసలో పెట్టుకోండి. ఏడాదిలో ఎంత పోయిందన్నది ఒక్క కాగితంతో తేలదు.

ఓసీటీలో ఎరుపు వచ్చింది. అంటే ఏంటిది?

ఓసీటీ కంటి తెర పొరల మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తుంది. నడిమి చూపు కోసం చూడాల్సింది మాక్యులాలోని గ్యాంగ్లియన్ పొర పటం. నరం చుట్టూ పోగుల మందం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఎరుపు రంగుకు అర్థం, మీ వయసు వాళ్లతో పోలిస్తే మీ పొర పలచన అని మాత్రమే. పెద్ద మైనస్ నంబరున్న కళ్లలో జబ్బు లేకపోయినా ఎరుపు వస్తుంది. స్కాన్ నాణ్యత తక్కువున్నా వస్తుంది. ఎరుపు మచ్చ ఉన్న చోటూ, ఫీల్డ్ టెస్టులో చిల్లు పడ్డ చోటూ సరిపోలితేనే అది నమ్మదగ్గ జబ్బు. ముదిరిన జబ్బులో పోగుల మందం 50 మైక్రాన్ల దగ్గర్లో ఆగిపోతుంది, ఇక తగ్గదు. అక్కడ మిగిలేది రక్తనాళాల మందం, ఆసరా కణజాలం. ఆ దశలో "ఓసీటీ మారలేదు" అన్నమాటతో నిశ్చింతగా ఉండరాదు, 10-2 తోనే జబ్బు నడకను కనిపెట్టాలి.

కంటి తెర పనిచేస్తుందో లేదో కరెంటు పరీక్ష ఉందట, అది అవసరమా?

ఉంది. ఈఆర్‌జీ అంటారు. తళుక్కుమనే వెలుగుతో చేసే మామూలు ఈఆర్‌జీ ముఖ్యంగా రాడ్లు, కోన్లు, నడిమి పొర పనిని చూపుతుంది. నీటికాసుల్లో అవి బాగానే ఉంటాయి కాబట్టి రిపోర్టు దాదాపు నార్మల్‌గా వస్తుంది. గ్యాంగ్లియన్ కణాల పని తెలియాలంటే ప్యాటర్న్ ఈఆర్‌జీ చేయాలి. చదరంగం బల్లలాంటి నలుపు తెలుపు గళ్లు తెర మీద తారుమారవుతుంటాయి. కింది రెప్ప దగ్గర సన్నని తీగ పెట్టి, కన్ను పుట్టించే కొద్దిపాటి మైక్రోవోల్టులను కొలుస్తారు. దాదాపు 50 మిల్లీసెకన్ల దగ్గర ఒక మిట్ట, 95 దగ్గర ఒక పల్లం వస్తాయి. ఆ పల్లం ఎక్కువగా గ్యాంగ్లియన్ కణాలదే. నీటికాసుల్లో అది తగ్గుతుంది.

బటన్ నొక్కే పని లేకపోవడం దీనిలో మేలు. కణం చచ్చేముందు మందగించే దశ ఒకటుంటుంది. ప్రెషర్ తగ్గించాక కొందరిలో ఈ అల కొంత కోలుకోవడం పరిశోధకులు చూశారు. కానీ శుక్లం ఉన్నా, అద్దం సరిగ్గా పెట్టకపోయినా అల చిన్నబోతుంది. పెద్ద కంటి ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. మాక్యులా జబ్బా, నరం జబ్బా తేలనప్పుడు బాగా పనికొస్తుంది. అందరికీ అక్కర్లేదు.

కంటి ప్రెషర్ 16 ఉంది. ఇక మందు ఆపొచ్చా?

ఆపొద్దు. 10 నుంచి 21 అన్నది జనంలో ఎక్కువమందికి ఉండే హద్దు, మీ నరం తట్టుకునే హద్దు అదే కావాలని లేదు. మందు వేస్తున్నారు కాబట్టే 16 ఉందేమో. మందు లేనప్పుడు ఎంతుందో ఆ పాత అంకెతో పోల్చాలి. నార్మల్ ప్రెషర్ నీటికాసుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ప్రెషర్‌ను 30 శాతం తగ్గించినప్పుడు జబ్బు ముదిరిన కళ్లు 12 శాతం. తగ్గించని వాటిలో 35 శాతం. నడిమి చూపుకు చిల్లు దగ్గరగా ఉన్నవాళ్లకు డాక్టరు ఇంకా తక్కువ అంకె పెట్టుకుంటారు. అది ఎంతో అడిగి ఫైలు మీద రాసుకోండి.

చుక్కల మందు సరిగ్గా వేసుకునేదెట్ల?

చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా అవుతుంది. సీసా మొన కంటికి, రెప్పకు తగలకుండా ఒక్క చుక్క వదలండి. రెండో చుక్క వద్దు, కంటిలో నిలిచే చోటు లేక చెంప మీదికే పోతుంది. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టండి. మందు ముక్కులోకీ రక్తంలోకీ పోకుండా ఉంటుంది. రెండు రకాల మందులుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగండి.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో మెడ, వెన్ను బిగుసుకున్న పెద్దవాళ్లకు తల వెనక్కి వాలదు. చుక్క కంట్లో పడక బుగ్గ మీద పడుతుంటే, మందు పనిచేయట్లేదని ఇంకో మందు రాస్తారు. వాళ్లను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి వేయండి. వెన్ను వంగి వెల్లకిలా పడుకోలేకపోతే పక్కకు తిరిగి పడుకోమని, ముక్కు వైపు కంటి మూలలో చుక్క వేసి రెప్ప తెరవమనండి, లోపలికి జారుతుంది. ఆసుపత్రిలో కూడా మెడ సంగతి ముందే చెప్పండి, యంత్రం ఎత్తు, కుర్చీ సర్దుతారు.

ప్రెషర్ తగ్గించే చుక్కల మందు లాటనోప్రోస్ట్ సీసాను తెరవకముందు ఫ్రిజ్‌లో, తెరిచాక 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. మే నెలలో మన దగ్గర ఇంటి లోపల కూడా అంత చల్లదనం ఉండదు. ఫ్రిజ్ లేకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి, ఫ్రిజ్ అక్కరలేని రకాలున్నాయి. బస్సు కిటికీ పక్కన, బండి డిక్కీలో సీసా పెట్టకండి. తెరిచిన తేదీ సీసా మీద రాసి, నెల కాగానే పారేయండి.

ఆస్తమా, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం ఉన్నవాళ్లు టిమోలాల్ అనే ప్రెషర్ చుక్కల మందు వేసుకోరాదు. మందు షాపులో "ఇదీ అదీ ఒకటే" అని మార్చి ఇస్తే తీసుకోకండి.

పోయిన చూపు తిరిగొస్తదా?

రాదు. చచ్చిన గ్యాంగ్లియన్ కణం మళ్లీ పుట్టదు. మందు, లేజరు, ఆపరేషన్ అన్నీ మిగిలినదాన్ని కాపాడటానికే. చూపు పెరగలేదని మందు మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చూపు అక్కడే ఆగిందంటే మందు పనిచేస్తున్నట్టే.

నడిమి చూపు మసకైతే అది నీటికాసుల వల్లేనా?

కాకపోవచ్చు, ఇది మంచి కబురే. శుక్లం, షుగరు వల్ల మాక్యులాకు వచ్చే వాపు, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు, చుక్కల మందులోని ప్రిజర్వేటివ్‌తో కంటి పైపొర ఎండిపోవడం, అద్దాల నంబరు మారడం, ఇవన్నీ నడిమి చూపును మసకేస్తాయి, వీటిలో చాలావాటికి వైద్యముంది. చిన్న బెజ్జంలోంచి చూస్తే అక్షరం స్పష్టమైందంటే అద్దాల తప్పు ఎక్కువ. గీతలు వంకరగా కనబడితే మాక్యులాను అనుమానించాలి, నీటికాసుల్లో గీత వంకర పోదు, తెగినట్టో మసకగానో ఉంటుంది. కొన్ని రోజుల్లోనే చూపు గబగబా పడిపోతే నీటికాసులని సరిపెట్టుకోవద్దు, వెంటనే కంటి తెర చూపించుకోండి.

ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు పోతుందంటరు, నిజమా?

చూపు నట్టనడుమ చిన్న దీవిలా మిగిలినవాళ్లలో ఆపరేషన్ తర్వాత అది ఆరిపోవడం జరగవచ్చు. అరుదు. ఆపరేషన్ చేయకుండా ప్రెషర్ అట్లాగే ఉంటే ఆ దీవి పోవడం దాదాపు ఖాయం. ఆపరేషన్ తర్వాత ప్రెషర్ మరీ పడిపోతే మాక్యులా ముడతలు పడి నడిమి చూపు మసకేస్తుంది, అందుకే మొదటి వారాల్లో రమ్మన్న రోజు తప్పకూడదు. ట్రాబెక్యులెక్టమీ (కంటిలోని నీరు బయటికి పోయేందుకు కొత్త దారి చేసే ఆపరేషన్) అయిన కన్ను ఏళ్ల తర్వాతైనా సరే ఎర్రబడి, పుసి కట్టి, నొప్పి పెడితే అదే రోజు పోవాలి, రేపు అనొద్దు.

మెడికల్ షాపులో తెచ్చిన చుక్కలతో దురద తగ్గింది. వాడొచ్చా?

అందులో స్టెరాయిడ్ ఉంటే వాడొద్దు. మన దుమ్మూ ఎండలకు పిల్లల కళ్లు ఎర్రబడి దురద పెడతాయి. స్టెరాయిడ్ చుక్క వేస్తే రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, తల్లిదండ్రులు అదే సీసా మళ్లీ మళ్లీ తెస్తారు. కొందరిలో కొన్ని వారాలకే ప్రెషర్ ఎక్కుతుంది, నొప్పి ఉండదు, నెలల తరబడి నడిస్తే నరం పోతుంది. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉందేమో చదవండి. కీళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ గోళీలూ, సూదులూ కూడా ప్రెషర్ పెంచగలవు.

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నీటికాసులు వస్తాయా?

ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను చెడగొడుతుంది. నీటికాసులకు దాన్ని కారణంగా చూపే రుజువు లేదు.

ఇంట్లో ఇంకెవరు చూపించుకోవాలి?

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందు. తర్వాత 40 దాటిన పిల్లలు. కంటి నరం చూడటం, ప్రెషర్, కంటిలోని నీరు బయటికి పోయే కోణాన్ని చూసే గోనియోస్కోపీ మూడూ కావాలి. అద్దాలిచ్చే శిబిరంలో చార్టు చదివితే ఇది తేలదు. 1990ల చివర్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. అప్పట్లో నీటికాసులున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మేనరికం ఇళ్లలో పుట్టిన బిడ్డ కళ్లు మామూలుకన్నా పెద్దగా ఉండి, నీళ్లు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే వారం ఆగకండి. హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికో, బంజారాహిల్స్‌లోని ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికో తీసుకుపోండి.

నడిమి చూపు తగ్గింది. ఇంటిపనీ చదువూ ఎట్ల?

రంగుల తేడా పెంచండి. బియ్యం నల్ల పళ్లెంలో పోసి ఏరండి, మినుములు, సెనగలు తెల్ల పళ్లెంలో. మెట్ల అంచులకు పసుపు రంగు గీత వేయండి. దీపం పైకప్పుకు కాకుండా, భుజం పక్క నుంచి కాగితం మీద పడాలి, కంట్లో కొట్టకూడదు. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి, నలుపు మీద తెలుపు పెట్టుకోండి. చదివేటప్పుడు వరుస కింద స్కేలు ఆనించుకోండి. రాత్రిపూట, పొద్దుగూకే వేళ బండి నడపడం మానండి. ఎదురు బండి లైటు పడ్డాక మనిషి కనబడడు.

వికలాంగుల సర్టిఫికెట్‌కు చార్టు చూపు బాగుందని తిప్పి పంపారు. ఏం చేయాలె?

2016 వికలాంగుల హక్కుల చట్టం చార్టు చూపుతో పాటు చూపు విస్తీర్ణాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. అద్దాలతో బాగున్న కంటిలో కూడా చూపు 10 డిగ్రీలకన్నా తక్కువకు కుదించుకుపోతే అంధత్వం. 40 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే తక్కువ చూపు. కాబట్టి శిబిరానికి రెండు కళ్ల ఫీల్డ్ టెస్టు రిపోర్టులు, కొత్తవి, డాక్టరు సంతకంతో తీసుకెళ్లండి. ప్రయోజనాలకు సాధారణంగా 40 శాతం వైకల్యం ఉండాలి. బోర్డు డాక్టరు చార్టు ఒక్కటే చూస్తుంటే, ఫీల్డు రిపోర్టు ముందు పెట్టి విస్తీర్ణం కూడా రాయమని అడగండి.